తిట్టి తినిపించకండి

ప్రిన్సిపాల్ మేడమ్‌గారికి, ట్యూటర్లకు, పిల్లలందరికీ నమస్కారం. నన్ను చిరుధాన్యాల గురించి మాట్లాడమన్నారు. రాసుకొచ్చిన కాగితాలు మేడమ్‌గారికి ఇచ్చేస్తాను, తీరిగ్గా చదువుకోండి. రేపు వార్డుల్లో నర్సులుగా డ్యూటీ చేసేది మీరే కాబట్టి, వాటికి బదులు అనొరెక్సియా గురించి చెప్పాలి. అంటే, లావైపోతానన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు.

నేను డైటీషియన్‌గా పనిచేసిన ఒక ఆసుపత్రికి ఇంటర్ చదివే అమ్మాయిని తీసుకొచ్చారు. అప్పటికే ఎండోస్కోపీ అయింది, ఆకలి పుట్టడానికి టానిక్కులయ్యాయి, దిష్టి తీయడమూ అయింది. టిఫిన్‌కి ఇడ్లీ పెడితే తుంచి తుంచి చున్నీ మడతలో దాచేది. బరువు చూసే ముందు బాత్రూంలో కడుపునిండా నీళ్ళు తాగి వచ్చేది. ఓ రోజు సిస్టర్ కంటబడింది. "తిండి లేక చచ్చేవాళ్ళున్నారు, నీకు కొవ్వెక్కి ఈ వేషాలు!" అని వార్డంతా వినబడేలా అరిచింది. ఆ పూట నుంచి ఆ పిల్ల మజ్జిగ కూడా ముట్టలేదు.

వేషాలు కావమ్మా అవి! 1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో అన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఒప్పుకుని ముందుకొచ్చిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు ఆరు నెలలు అర్ధాకలి తిండి పెట్టాడు. బరువు నాలుగో వంతు తగ్గేసరికి వాళ్ళకి తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగేశారు, ఒక్క భోజనాన్ని గంటల తరబడి సాగదీశారు, అయినదానికీ కానిదానికీ చిరాకుపడ్డారు. ఒంటికి తిండి లేకపోతే మనసు కూడా వశం తప్పుతుంది. అందుకే ఈ జబ్బుకి మొదటి మందు అన్నమే. మందు వేసేటప్పుడు పేషెంటుని తిడతామా?

అలాగని చిక్కి శల్యమైన మనిషికి ఒక్కసారిగా కుక్కి పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫరస్ పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. డాక్టరు చెప్పిన లెక్కన మెల్లగా పెంచాలి, రక్తపరీక్షలు చేస్తూ ఉండాలి. తినేటప్పుడు పక్కన కూర్చోండి. తిన్నాక కూడా కాసేపు లేవకండి, వేరే కబుర్లు చెప్పండి. పిల్లలయితే అమ్మానాన్నలను దూరం పెట్టొద్దు. లండన్ మాడ్‌స్లీ ఆసుపత్రి వాళ్ళు తల్లిదండ్రుల చేతనే తినిపించే పద్ధతిని తయారుచేశారు. ఆ సిస్టరేమో వాళ్ళమ్మను కూడా "నీ గారాబమే" అంది. ఆ మాట నాకిప్పటికీ మింగుడుపడదు.

వెనక వరుసల వాళ్ళు కూడా వినండి. మనిషి సన్నగా లేకపోయినా జబ్బు ఉండొచ్చు. మీ హాస్టల్లోనే ఎవరైనా తిన్న వెంటనే వాంతి చేసుకుంటూ ఉండొచ్చు. అలా చేస్తే పొటాషియం తగ్గిపోతుంది, గుండె లయ తప్పుతుంది. దాచుకోకండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. నాతో చెప్పాలనుకున్నవాళ్ళు మీటింగ్ అయ్యాక రండి, సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.