మాట్లాడితే జరిమానా

(కొత్తగా నవలలు రాస్తున్న ఆడవాళ్ల కోసం ఒడిశాలోని బరంపురంలో జరిగిన సమావేశంలో ఒక రిటైర్డ్ తెలుగు టీచర్ చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దించండి బాబూ, నేను పొట్టిదాన్ని. ఆ, చాలు.

మీలో ఐదుగురు మీ నవలల మొదటి అధ్యాయాలు ముందే నాకు పంపారు. ఐదింటిలోనూ పాతకాలమే. ఐదింటిలోనూ కూలి చేసుకునే అమ్మాయే. నాలుగింటిలో జమీందారుగారబ్బాయి గుర్రం దిగాడు, ఐదోదాంట్లో కారు దిగాడు. వాన పడింది, అమ్మాయి తడిసింది. తల మీద తట్ట ఉందని అందరూ రాశారు. ఆ తట్ట బరువెంత, రోజుకి ఎన్ని తట్టలు మొయ్యాలి, మోస్తే చేతికి ఎంతొస్తుంది, ఇవి మాత్రం ఒక్కరూ రాయలేదు.

నవ్వకండి, వెక్కిరించడానికి రాలేదు నేను. వారపత్రిక సీరియళ్లు చదివి పెరిగినదాన్నే. మా వీధిలో ఒక్క కాపీ ఏడిళ్లు తిరిగేది. మా ఇంటికొచ్చేసరికి ఆఖరి పేజీ ఉండేది కాదు. హీరోయిన్ చచ్చిందో బతికిందో తెలియక వారమంతా టెన్షన్. ఈ కథల రుచి నాకు బాగా తెలుసు. ఆ రుచి పోకుండా ఎలా రాయాలా అనే ఈ మాటలు.

ఇంగ్లండులో ఈ తరహా నవలలకి ఎప్పటినుంచో గిరాకీ ఉంది. మిల్లు ఆడవాళ్లు చెక్క అడుగులున్న జోళ్లు తొడుక్కుని, శాలువా కప్పుకుని పనికి పోయేవారు కదా, అందుకని వీటికి చెక్కజోళ్లూ శాలువాల కథలని పేరు కూడా పడింది. ఈ బాటలో పెద్ద పేరు కేథరిన్ కుక్సన్. 1906లో ఇంగ్లండు ఈశాన్య తీరాన, సౌత్ షీల్డ్స్ దగ్గర టైన్ డాక్‌లో పుట్టింది. పెళ్లికాని తల్లికి పుట్టిన పిల్ల. కన్నతల్లినే అక్క అనుకుని పెరిగింది. ఇళ్లల్లో పనిమనిషిగా చేసింది, ఆ తర్వాత బీదాబిక్కీ తలదాచుకునే వర్క్‌హౌస్‌లో బట్టలుతికే చోట పనిచేసింది. మొదటి నవల 1950లో వచ్చేసరికి నలభై దాటాయి. అయితేనేం, 1980లు, 90లంతా బ్రిటన్ లైబ్రరీల్లో జనం అందరికంటే ఎక్కువగా ఇంటికి తీసుకెళ్లింది ఆవిడ పుస్తకాలే.

ఆవిడ ప్లాట్ల కన్నా నాకు ఆ ఉతుకుడు గది ముఖ్యం. తడిసిన దుప్పటి ఎంత బరువుంటుందో ఆవిడకి భుజాలతో తెలుసు. ఆ తరహాలో తర్వాత వచ్చిన నవలలు చాలావాటిలో గనుల యజమాని కొడుకు వచ్చి పిల్లని ఉద్ధరించేస్తాడనుకోండి. మన జమీందారుగారబ్బాయి గుర్రం బహుశా ఆ ఊరి సంతలోనే కొన్నది.

ఇంకో సంగతి చెప్పాలి. 1888లో లండన్‌లో బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో సుమారు 1,400 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు సమ్మె చేశారు. తెల్ల భాస్వరం పొగ పీల్చి పీల్చి దవడ ఎముక కుళ్లిపోయే చోటు అది. సమ్మెకి ముందు వాళ్ల గోడు పత్రికలో రాసింది ఎవరనుకున్నారు? మన అనీబిసెంటే! అడయారు అనీబిసెంట్, హోమ్‌రూల్ అనీబిసెంట్. ఇండియాకి రాకముందు మాట ఇది. ఆ ఫ్యాక్టరీలో జరిమానాలు మూడు పెన్నీల నుంచి షిల్లింగు దాకా ఉండేవి. పనికి ఆలస్యంగా వస్తే జరిమానా. బల్ల కింద చెత్త ఉంటే జరిమానా. కాళ్లు మురికిగా ఉంటే జరిమానా. మాట్లాడితే జరిమానా.

మాట్లాడితే జరిమానా ఉన్న చోట ప్రేమ ఎలా మొదలవుతుంది? ఈ ఒక్క ప్రశ్న దగ్గర పది రోజులు కూర్చోండి, నవల దానంతటదే కదులుతుంది. చూపులా? ఎవరి డబ్బాలోనో ఎవరో నాలుగు పుల్లలు ఎక్కువ వెయ్యడమా? ఒకరి జరిమానా ఇంకొకరు కట్టడమా? వాన అక్కర్లేదు.

మన ఊరికి వద్దాం. బరంపురం అంటే పట్టు. కుంభం అంచు చీర, పెళ్లికొడుక్కి పట్టుపంచెల జోడు. ఇందాక ఒకమ్మాయి తన హీరోయిన్ పట్టు నేసేవాళ్ల ఇంటి పిల్ల అని చెప్పింది, బాగుంది. కానీ అమ్మా, మగ్గం మీద కూర్చున్న మగాడి పేరే లెక్కలోకి వచ్చేది. మగ్గానికి దారం సిద్ధం చేస్తూ ఆసు పోసింది, కండెలు చుట్టింది ఆడవాళ్లు. షావుకారు కూలి ఇచ్చేది చీరకి, అదీ మగాడి చేతికి. పొద్దస్తమానం పనిచేసి, తన సొంత డబ్బు అంటూ అణా చూడని పిల్ల నీ హీరోయిన్. ఆ పిల్ల ఒకడికి రహస్యంగా ఏదైనా కొనిపెట్టాలంటే ఎక్కణ్ణుంచి తెస్తుంది? అక్కడ ఉంది నీ రెండో అధ్యాయం.

ఇప్పుడు అసలు మాట. మన పాత నవలల్లో కష్టాల్లో ఉన్న ఆడది అనగానే వితంతువు. తెల్లచీర, గుండు, మూల గది. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించారు, గొప్ప సంగతే. కానీ ఆ గుండూ ఆ మూల గదీ అందరివీ కావు. మన ఉత్తరాంధ్ర, గంజాం జిల్లాల్లో కష్టం చేసుకు బతికే కులాలు చాలావాటిలో మారుమనువు ఉండేది. మొగుడు పోయినా, వదిలేసినా, కులపెద్దల ముందు మాట్లాడుకుని ఇంకొకణ్ణి కట్టుకోవచ్చు. మొదటి పెళ్లప్పుడు మగపెళ్లివారు ఇచ్చిన ఓలి తిరిగి ఇచ్చెయ్యాలి, కులానికి తప్పు, అంటే జరిమానా, కట్టాలి. అంతే. మరి కూలి ఆడదాని పాత ప్రేమకథ రాస్తూ, పై కులాల వితంతువు కన్నీళ్లు తెచ్చి ఆవిడ కళ్లల్లో పోస్తారెందుకు? ఈవిడ ప్రేమకి దారి ఉంది. దారి మధ్యలో టోల్‌గేటు ఉంది. దాని రేటు ఓలి.

ఇదంతా పుస్తకాల్లో చదివి చెప్పట్లేదు. మా అమ్మమ్మ సంగతి చెప్తాను. నలభై ఏళ్లు దాచిన సంగతి ఇది. దాచినవాళ్లలో నేనూ ఉన్నాను, అందుకని కొంచెం ఇబ్బందిగానే ఉంది.

అమ్మమ్మ గంజాం పక్క హుమ్మ ఉప్పు మడుల్లో పనిచేసేది. ఉప్పు గోకి కుప్ప చెయ్యడం, తట్టలకెత్తడం, గట్టు దాకా మొయ్యడం. ఎండ మండితేనే ఉప్పు పండుతుంది. అందరూ నీడ వెతుక్కునే నెలల్లోనే వాళ్లకి పని. మొదటి వాన పడిందంటే పని అయిపోయినట్టే. వాన పడితే మీ హీరోయిన్‌కి హీరో దొరుకుతాడు, మా అమ్మమ్మకి కూలి పోతుంది. ఉప్పునీళ్లలో నిలబడి నిలబడి అరికాళ్లు పగిలి నెర్రెలిచ్చేవి. ఆ నెర్రెల్లోకి మళ్లీ ఉప్పు.

ఆవిడ మొదటి పెళ్లి 1930 మొదట్లో జరిగింది. ఆ ఏడాదిని గుర్తుపెట్టుకోండి, నవలకి బంగారం లాంటి ఏడాది. ఏప్రిల్ 1 నుంచి శారదా చట్టం అమల్లోకి వస్తుంది, పద్నాలుగేళ్లు నిండని పిల్లకి పెళ్లి చెయ్యకూడదు. అది వచ్చేలోపు చేసెయ్యాలని దేశమంతా హడావుడిగా పెళ్లిళ్లు చేశారు. అలా చేసినవాటిలో అమ్మమ్మదొకటి. పదేళ్ల పిల్ల. ఉప్పు సత్యాగ్రహం ఆ వేసవిలోనే హుమ్మ దాకా వచ్చింది. దాని గురించి అడిగితే అమ్మమ్మ, "పోలీసులొచ్చారని రెండ్రోజులు పన్లేదే" అనేది. చరిత్ర ఆవిడకి అలా గుర్తుంది, రెండు రోజుల కూలి నష్టంగా.

పెళ్లికొడుకు, కూలీలని పోగుచేసే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని గోపాలపురంలో ఓడెక్కి రంగం వెళ్లిపోయాడు. రంగూన్‌ని మనవాళ్లు రంగం అంటారని మీకు చెప్పక్కర్లేదు, మీలో సగం మంది ఇళ్లల్లో రంగం టేకు పెట్టె ఉండే ఉంటుంది. 1931 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో సగానికి పైగా మన దేశంవాళ్లే. రేవులో బస్తాలు మోసేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. 1930 మేలో వాళ్లు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మావాళ్లని పనిలోకి తెచ్చాయి. సమ్మె పరిష్కారమై మనవాళ్లు తిరిగి రాగానే బర్మావాళ్లని పొమ్మన్నారు. మే 26న కొట్లాట మొదలైంది, వంద మందికి పైగా చచ్చిపోయారు. కూలీకి కూలీకి మధ్య చిచ్చు పెట్టినవాళ్లకి ఏమీ కాలేదు. ఆ కొట్లాట కబురు హుమ్మకి చేరింది. మొగుడి కబురు చేరలేదు. ఉత్తరం రాయడం అతనికి రాదు, చదవడం ఈవిడకి రాదు. ఒక ఏడు, రెండేళ్లు, ఐదేళ్లు.

మా ఇంట్లో చెప్పుకునే కథ ఇక్కడ ఆగిపోయేది. "మొదటాయన రంగంలో పోయాడు పాపం, తర్వాత తాతని కట్టుకుంది," అంతే. మా అమ్మ ఆ మాత్రం కూడా గొంతు తగ్గించి చెప్పేది. నేను ఉద్యోగంలో చేరాక, తోటి టీచర్లు ఎక్కడ చులకన చేస్తారో అని అది కూడా చెప్పడం మానేశాను. అమ్మమ్మకి లేని సిగ్గు మాకు చదువుతో పాటు వచ్చింది.

అమ్మమ్మకి ఎనభై దాటాక ఒక మధ్యాహ్నం ఆవిడ పెట్టె సర్దుతుంటే కొమ్ము దువ్వెన దొరికింది. పర్లాకిమిడి పని, రెండు పళ్లు విరిగి ఉంది. రంగం వెళ్తూ ఆయన ఇచ్చిందని మేమంతా అనుకునేవాళ్లం. ఆ మాటే అన్నాను.

"ఆడెందుకిచ్చాడే గుంటా! ఇది మీ తాతిచ్చాడు, మనువుకి ముందే," అంది.

తాత ఉప్పు బళ్లు తోలేవాడట. గట్టు మీద బండి నింపుతున్నంతసేపూ లెక్క రాసే గుమాస్తా అక్కడే ఉంటాడు, మాట్లాడుకోవడం కుదరదు. ఒకరోజు ఈవిడ తట్ట పెట్టుకునే చోట కొబ్బరి చిప్పలో ఆముదం కనబడింది. కాళ్లకి రాసుకోమని. ఎవరు పెట్టారో నాలుగు రోజులు తెలియలేదు. ఐదో రోజు బళ్ల వరసలో ఒక ఎద్దు కొమ్ములకి మాత్రం ఆముదం లేదట, మిగతా ఎద్దుల కొమ్ములన్నీ నిగనిగలాడుతున్నాయి. "అప్పుడు తెలిసిందే, ఆడి ఎద్దు వాటా నా కాళ్లకిచ్చాడని." మీరు పంపిన ఐదు అధ్యాయాల్లో ఇలాంటి వాక్యం ఒక్కటి ఉంటే నేను ఈ రోజు ఇంత మాట్లాడేదాన్ని కాదు.

కులపెద్దలు కాదనలేదు. ఇద్దరిదీ ఒకే కులం కాబట్టి కాదనలేదు, అది కూడా దాచకుండా చెప్పాలి. కాకపోతే ఈ కథ వేరేగా నడిచేది, బహుశా నేను ఉండేదాన్ని కాదు. అడిగిందల్లా ఓలి. మొదటాయన తండ్రికి ఓలి తిరిగి ఇవ్వాలి, తప్పు కట్టాలి. ఆ డబ్బు కూడబెట్టడానికి ఇద్దరికీ రెండు వేసవులు పట్టింది. రెండో వేసవిలో వాన ముందుగా వచ్చేసింది, ఇంకా కొంత తక్కువ. తాత ఒక ఎద్దుని అమ్మేశాడు. ఆముదం లేని ఎద్దునే. అమ్మిన రోజు రాత్రి ఏడ్చాడట. ఎద్దు కోసమేనని అమ్మమ్మ గట్టిగా చెప్పింది.

మనువు 1935లో. రాత్రిపూట, నలుగురి మధ్య, మేళం లేకుండా. మరుసటి ఏప్రిల్‌లో ఒడిశా రాష్ట్రం వచ్చింది, గంజాం అందులో కలిసింది. మనువు మద్రాసు ప్రెసిడెన్సీలో అయింది, పురుడు ఒడిశాలో పోసుకుంది, ఇద్దరూ అడుగు కదల్లేదు.

ఇక్కడితో ఆపేస్తే మీ నవలకి సరిపోయే ముగింపే. కానీ 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి. ఓడల్లో చోటు దొరకని లక్షల మంది మనవాళ్లు కొండలూ అడవులూ పట్టుకుని నడిచి వచ్చారు. దారిలో ఎంతమంది రాలిపోయారో. 1942లో ఒక సాయంత్రం, అమ్మమ్మ ఇంటి అరుగు ముందు ఒక మనిషి నిలబడ్డాడు. పన్నెండేళ్ల తర్వాత.

మా ఇంట్లో రంగంలో పోయాడని చెప్పుకునేది ఈయన గురించే. పోలేదు. వచ్చాడు. గంజి తాగాడు, అరుగు మీద పడుకున్నాడు, తెల్లవారి రైలెక్కి కలకత్తా వైపు జనపనార మిల్లులకి వెళ్లిపోయాడు.

నేను కూడా మీలాగే అడిగాను. "ఏం మాట్లాడుకున్నారు అమ్మమ్మా?"

"ఏటి మాటాడతాం? కాళ్లు చూశాను. నడిచి నడిచి పగిలిపోనాయి, నా కాళ్లకన్నా అన్నాయంగా ఉన్నాయి."

"మరి తాత? తాత ఏమన్నాడు?"

"ఏటీ అనలేదు. లోపలికెల్లి ఆముదం గిన్ని తెచ్చి, ఆడి పక్కనెట్టాడు."