తొండి ఎక్కడ జరిగింది?

అందరికీ నమస్కారం. ఆన్‌లైన్ పోకర్ ఆడేవాళ్లు చేతులెత్తండి అని అడగను, ఎత్తరని తెలుసు. అయితే ఆడినవాళ్లంతా ఏదో ఒక రాత్రి ఈ మాట అనుకునే ఉంటారు: "నా చేతిలో రెండు ఆసులు. వాడి దగ్గర రెండు రాజులు. డబ్బంతా పెట్టేశాక చివరి ముక్క రాజే పడాలా? ఇది కచ్చితంగా తొండి."

ముందు దీని సంగతి చూద్దాం. ఈ ఆటలో ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలుంటాయి, బల్ల మీద అందరికీ కలిపి అయిదు పడతాయి. రెండు ఆసుల మీద రెండు రాజులు గెలిచే అవకాశం దాదాపు 18 శాతం. అంటే అయిదారుసార్లలో ఒకసారి గెలవడం మామూలే. మనుషులు బల్ల చుట్టూ కూర్చుని ఆడితే గంటకు పాతిక, ముప్ఫై పంపకాలు అవుతాయి. తెర మీద నాలుగు బల్లలు తెరుచుకుంటే అదే గంటలో రెండు వందలు దాటతాయి. నెలలో తినాల్సిన దెబ్బలు వారంలో తినేస్తాం. తిన్న దెబ్బ మర్చిపోం. మనమే చెత్త ముక్కలతో ఇంకొకడి డబ్బు లాగేసుకున్న రోజు మాత్రం గుర్తుండదు. పైగా సైటువాడికి రేక్, అంటే పందెం సొమ్ములో కొంత కోత వస్తుంది, ఎవరు గెలిచినా వాడి వాటా వాడిదే. "పందెం పెరిగితే రేక్ కూడా పెరుగుతుంది కదా" అంటారు కొందరు. మామూలుగా రేక్‌కు ఒక గరిష్ఠ పరిమితి పెడతారు, అది దాటాక పందెం ఎంత పెరిగినా వాడికి ఒరిగేదేమీ లేదు. ఆటగాళ్లు దాచుకునే లక్షల హ్యాండ్ హిస్టరీల్లో, అంటే ప్రతి పంపకంలో ఏం జరిగిందో రాసిన రికార్డుల్లో, ఇలాంటి వంకర దాగదు కూడా.

అలాగని అంతా శుభ్రమే అనడానికి రాలేదు నేను. తొండి జరిగింది. చాలాసార్లు మనం వేలెత్తి చూపించిన చోట కాకుండా వేరే చోట జరిగింది.

ముక్కలు కలపడంలోనే తప్పు దొరికిన సందర్భం ఒకటుంది, నేను ప్రోగ్రాములు రాసేవాణ్ణి కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుతాను. 1999లో ప్లానెట్ పోకర్ అనే సైటు వాడే సాఫ్ట్‌వేర్ కంపెనీ "మేం ఎంత నిజాయితీగా కలుపుతామో చూడండి" అని తన ప్రోగ్రామును బయటపెట్టింది. భద్రతా నిపుణులు కొందరు చదివి చూశారు. 52 ముక్కలను ఎన్ని రకాలుగా పేర్చవచ్చంటే 8 పక్కన 67 సున్నాలు పెట్టాలి. ఈ ప్రోగ్రామేమో 32 బిట్ల సంఖ్యతో మొదలయ్యేది, అంటే దాదాపు 430 కోట్ల పేకలకు మించి ఇవ్వలేదు. ఆ సంఖ్యను ఎక్కడినుంచి తెచ్చేవాళ్లో తెలుసా? అర్ధరాత్రి నుంచి ఎన్ని మిల్లీసెకన్లు గడిచాయో ఆ లెక్క నుంచి. రోజు మొత్తానికి 8.64 కోట్లు, అంతే. సర్వరు గడియారంతో మన గడియారాన్ని కాస్త సరిచేసుకుంటే మిగిలేవి దాదాపు రెండు లక్షలు. మన రెండు ముక్కలూ, బల్ల మీద పడ్డ మూడూ కలిపి అయిదు తెలిస్తే చాలు, ఆ రెండు లక్షల్లో సరిపోయే పేక ఏదో కంప్యూటర్ చెప్పేస్తుంది. అవతలివాళ్ల చేతుల్లో ఏముందో, రాబోయే ముక్కేదో అన్నీ తెలిసిపోతాయి. ఇక్కడ ఎవరూ మోసం చెయ్యాలనుకోలేదు. తెలియకపోవడమే, పైగా ధీమాగా తెలియకపోవడం. ఇప్పుడు ఈ కలిపే పద్ధతినే ప్రయోగశాలలు పరీక్షించి సర్టిఫికెట్లు ఇస్తున్నాయి. మంచిదే. కానీ ఆ సర్టిఫికెట్ ముక్కలు సరిగ్గా కలిశాయని చెబుతుంది, కలిశాక వాటిని ఎవరు చూస్తున్నారో చెప్పదు.

2007లో తేలిన సంగతి అదే. అబ్సల్యూట్ పోకర్ అనే సైటులో వెయ్యి డాలర్ల ప్రవేశ రుసుముతో జరిగిన ఒక టోర్నమెంటును పాట్‌రిప్పర్ అనే ఖాతా గెలిచింది. ఆఖరి ఆటలో ఎదుటివాడు ఉన్నదంతా పెడితే, ఒక్క జతైనా లేకుండా పదే పెద్ద ముక్కగా సరేనని చూపించమన్నాడు. గెలిచాడు కూడా, ఎందుకంటే ఎదుటివాడి దగ్గర అంతకన్నా తక్కువ ఉంది. ఓడినతను అనుమానంతో హ్యాండ్ హిస్టరీ అడిగాడు. మామూలుగా ఎవరి ముక్కలు వారికే పంపుతారు. అతనికి మాత్రం అందరి ముక్కలూ ఉన్న ఎక్సెల్ ఫైలు వచ్చింది. పొరపాటో, లోపలివాళ్లెవరైనా మనసు ఉండబట్టలేక పంపారో.

ఆటగాళ్లు ఆ ఫైలును వరసకు వరస జల్లెడ పట్టారు. మొదటి రెండు పంపకాల్లో పాట్‌రిప్పర్ ముక్కలు వదిలేశాడు. అప్పుడే ఆ బల్లను చూడటానికి ఇంకో ఖాతా వచ్చి చేరింది. అక్కడినుంచి దాదాపు ఇరవై నిమిషాలు, బల్ల మీద ముక్కలు పడకముందు అతను ఒక్క పంపకంలోనూ తన ముక్కలు వదల్లేదు. ఆ తర్వాత ఒకసారి వదిలాడు. ఆ పంపకంలో ఎదుటివాడి దగ్గర రెండు రాజులున్నాయి! చూడటానికి వచ్చిన ఆ ఖాతాకు అందరి ముక్కలూ కనిపించేవన్నమాట.

ఇదే కుటుంబానికి చెందిన అల్టిమేట్‌బెట్ అనే సైటులో ఇలాంటి దొంగచూపు ఏళ్ల తరబడి నడిచింది. దాన్నీ గెలుపుల లెక్కలు చూసి ఆటగాళ్లే పట్టుకున్నారు. ఈ రెంటికీ లైసెన్సు ఇచ్చింది కెనడాలో మాంట్రియల్ పక్కన మోహాక్ తెగవారి ప్రాంతంలో ఉన్న కానవాకే గేమింగ్ కమిషన్. 2008లో ఒకదానికి 5 లక్షల డాలర్లు, రెండోదానికి 15 లక్షల డాలర్లు జరిమానా వేసింది, లైసెన్సులు మాత్రం తీసెయ్యలేదు. నియంత్రణ అంటే కాపలా అనుకుంటాం. ఇక్కడ అది దొంగతనం అయ్యాక వచ్చి పంచనామా రాసింది.

ఇక డబ్బు సంగతి. ఫుల్ టిల్ట్ అనే సైటులో ఆట ఎలా ఉన్నా గల్లా ఖాళీ. 2011 ఏప్రిల్ 15న అమెరికా ప్రభుత్వం పెద్ద సైట్లను తన దేశంలో మూయించినప్పుడు బయటపడింది. ఆటగాళ్లకు ఇవ్వాల్సింది దాదాపు 39 కోట్ల డాలర్లు, బ్యాంకులో ఉన్నది 6 కోట్లని ప్రభుత్వ న్యాయవాదులు కోర్టుకు చెప్పారు. తెర మీద మీ పేరు పక్కన కనిపించే అంకెకు వెనక నోటు లేదన్నమాట. దీనికి లైసెన్సిచ్చిన ఆల్డర్నీ ద్వీపం కమిషన్ జూన్ నెలాఖరులో గాని దాన్ని నిలిపివేయలేదు. అమెరికా ఆటగాళ్లకు సొమ్ము చేతికి రావడం 2014లో మొదలైంది. అదే రోజు అదే దెబ్బ తిన్న పోకర్‌స్టార్స్ కొద్ది వారాల్లోనే తిరిగి ఇవ్వగలిగింది, ఆటగాళ్ల డబ్బును విడిగా ఉంచింది కనుక. నన్నడిగితే నియంత్రణలో అన్నిటికన్నా విలువైన నిబంధన ఈ విడి ఖాతాయే. వినడానికి చప్పగా ఉంటుంది, అందుకే ఎవరూ అడగరు. బ్రిటన్‌లో గ్యాంబ్లింగ్ కమిషన్, కంపెనీ దివాలా తీస్తే ఆటగాడి సొమ్ముకు ఏ స్థాయి రక్షణ ఉందో సైటు ముందే చెప్పాలంటుంది. అందులో అట్టడుగు స్థాయికి అర్థం రక్షణ లేదనే. ఎంతమంది చదివి ఉంటారో మరి.

ఇప్పటి భయం వేరు. 2019లో ప్లూరిబస్ అనే ప్రోగ్రాము ఆరుగురు ఆడే బల్ల మీద ఆరితేరిన ఆటగాళ్లను ఓడించింది. అలాంటిదేదో ఎదుటివాడి పక్క తెర మీద నడుస్తుంటే మనకెలా తెలుస్తుంది? ఇద్దరు ఫోనులో ముక్కలు చెప్పుకుంటూ మూడోవాణ్ణి దోచుకుంటుంటే? ఒకడి హ్యాండ్ హిస్టరీలో ఇది కనిపించదు. వేల ఆటల్లో వాళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు ఎందుకు తగ్గి ఆడుతున్నారో చూడాలి, ఆ లెక్కలన్నీ సైటు దగ్గరే ఉంటాయి. కాబట్టి వెతకాల్సినవాడూ, దొరికితే పరువు పోయేవాడూ ఒక్కడే. ఎవరిని నమ్మాలని మీరు అడుగుతారేమో. ఆ పూర్తి లెక్కలను సైటుతో సంబంధం లేని బయటివాళ్లకు అప్పుడప్పుడైనా అప్పగించేవాణ్ణి, నేనైతే. 2007లో ఆ ఫైలు బయటికి రావడానికి ఎవరి ఆదేశమూ లేదు, ఏ నియమమూ లేదు. ఆ రోజు అడిగినతనికి అతని ముక్కలు మాత్రమే పంపి ఉంటే, పాట్‌రిప్పర్ ఇంకా ఎన్ని టోర్నమెంట్లు గెలిచేవాడో!