ఊపిరితిత్తికి నొప్పి తెలీదు

హోస్ట్: అందరికీ నమస్కారం. ఒంగోలు నుంచి మాట్లాడుతున్నా. ఈ వారం మనతో ఉన్నది ఛాతీ డాక్టరు. నాకు వరసకు అక్క. అందుకని మేడమ్ అని పిలవడం నావల్ల కాదు, వినేవాళ్ళు ఏమనుకోవద్దు.

డాక్టర్: నువ్వు మేడమ్ అంటే నాకే నవ్వొస్తది. కానీ, అడుగు.

హోస్ట్: మా మావయ్య సంగతి నీకు తెలుసుగా. చీమకుర్తి పక్కన రాయి కోసే ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు చేశాడు. ఇప్పుడు మేడ మెట్లెక్కేటప్పుడు సగంలో ఆగి, ఫోన్ తీసి ఏదో చూసుకుంటున్నట్టు నిలబడతాడు. ఏంది మావయ్యా అంటే, ఏం లేదురా, వయసు గదా అంటాడు.

డాక్టర్: ఆ ఫోన్ చూసుకోవడం ఉందే, అది నేను రోజూ చూసే లక్షణం. ఫోన్లు రాకముందు చెప్పు సరిచేసుకునేవాళ్ళు. ఆయాసం అని ఒప్పుకోరు. గట్టిగా అడిగితే కాస్త నీరసం అంటారు.

హోస్ట్: మరి నిజంగా వయసు వల్ల రాదా?

డాక్టర్: కొంత వస్తది. పాతికేళ్ళు దాటాక ఊపిరితిత్తుల బలం ఏటా కొద్దికొద్దిగా తగ్గుతుంది, అందరికీ. కానీ ఆరోగ్యంగా ఉన్న అరవై ఏళ్ళ మనిషి ఒక్క అంతస్తు ఎక్కడానికి మధ్యలో ఆగడు. మొదట ఇది చెప్పనీ. ఊపిరితిత్తి లోపలి కండకు నొప్పి తెలీదు. చుట్టూ ఉండే పలచటి పొరకు తెలుస్తుంది, లోపల మాత్రం తెలీదు. పన్ను పుచ్చితే రాత్రికి రాత్రి తెలుస్తది. ఇది సగం పాడైనా ఒక్క మాట చెప్పదు.

హోస్ట్: సగం అంటే నిజంగా సగమా?

డాక్టర్: జబ్బు వల్ల ఒకవైపు ఊపిరితిత్తి మొత్తం ఆపరేషన్ చేసి తీసేసినవాళ్ళు ఉన్నారు. రెండోది బాగుంటే కూర్చుని కబుర్లు చెబుతారు, బజారుకెళ్తారు. అంత మిగులు పెట్టి తయారైన అవయవం అది. ఆ మిగులే మనల్ని మోసం చేసేది.

హోస్ట్: ఆ మిగులు యాడ ఉంటది? కొంచెం లోపలికి తీసుకెళ్ళు.

డాక్టర్: సరే. కుడి ఊపిరితిత్తికి మూడు భాగాలు, ఎడమదానికి రెండే. గుండెకు చోటియ్యాలి గదా. కింద డయాఫ్రం అని గొడుగులా వంగిన కండరం ఉంటది. అది బిగుసుకుని కిందికి దిగితే ఛాతీ లోపల చోటు పెరిగి, ఒత్తిడి తగ్గి, బయటి గాలి దానంతటదే లోపలికొస్తది. ఊపిరితిత్తికి సొంత కండబలం లేదు. విడిచేటప్పుడు మామూలుగా ఏ కష్టమూ ఉండదు, సాగినది వెనక్కి ముడుచుకుంటది అంతే. ఊరికే కూర్చున్నప్పుడు ఒక్కో శ్వాసకు దాదాపు అర లీటరు. నిమిషానికి 12 నుంచి 16 సార్లు.

హోస్ట్: లోపలికెళ్ళిన గాలి?

డాక్టర్: గొట్టం రెండుగా, ఆ రెండూ మళ్ళీ రెండేసిగా, అట్టా ఇరవై సార్లకు పైగా చీలిపోయి, చివర సన్నటి గాలి గదులొస్తాయి. కోట్లల్లో ఉంటాయి. 30 కోట్లు అనేది పాత లెక్క, ఇంకా ఎక్కువేనని తర్వాత తేలింది. వాటన్నిటినీ విప్పి పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు. మన భాషలో 750 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఫ్లాటు. నీ ఛాతీలో.

హోస్ట్: ఒంగోల్లో అద్దె ఎంతో తెలుసా దానికి!

డాక్టర్: [నవ్వు] ఇక్కడే అసలు విషయం ఉంది, విను. ఆ గాలి గది గోడను ఆనుకుని రక్తం పోతుంటది. ఒక్కో రక్తకణం అక్కడ ఉండేది ముప్పావు సెకను. ఆక్సిజన్ ఎక్కడానికి దానికి పావు సెకను చాలు. మిగతా అర సెకను ఖాళీ. మెట్లెక్కితే గుండె వేగం పెరిగి రక్తం గబగబా పోతది, అప్పుడు ఆ ఖాళీ పనికొస్తది. ఇప్పుడు దుమ్ము వల్ల గోడ మందమైందనుకో. పావు సెకను పని అర సెకను పడుతుంది. కూర్చున్నవాడికి తేడా తెలీదు, ఇంకా టైముంది. మెట్ల మీద మాత్రం రక్తం ఆక్సిజన్ ఎక్కకుండానే దాటిపోతది.

హోస్ట్: అంటే వేలికి పెట్టే ఆ మిషన్...

డాక్టర్: కరోనాలో ఇంటింటికీ ఒకటి కొన్నారు గదా. కూర్చోబెట్టి వేలికి పెడితే మీ మావయ్య రక్తంలో ఆక్సిజన్ 96 శాతం అని చూపిస్తది, ‘చూడు, బ్రహ్మాండం’ అంటాడు. మేం ఆరు నిమిషాలు నడిపించి చూస్తాం. అప్పుడు ఆ అంకె పడిపోయేవాళ్ళు ఉంటారు.

హోస్ట్: దుమ్ము దగ్గరికొద్దాం. మన వైపు అంటేనే రాయి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ, మార్కాపురం పలకలు...

డాక్టర్: పొగాకు మర్చిపోయావు. దాని దగ్గరికి తర్వాతొద్దాం. దుమ్ములో సైజు ముఖ్యం. పెద్ద రేణువులు ముక్కులో, గొంతులో ఆగిపోతాయి. చీదితే నల్లగా వచ్చేది అదే. దాన్ని చూసి జనం భయపడతారు గానీ అది బయటికొచ్చిన దుమ్ము. నాకు భయం కంటికి కనపడనిది, అయిదు మైక్రాన్ల లోపుది. అది గాలి గదుల దాకా పోతది. అక్కడ కాపలా కణాలుంటాయి, వచ్చిన చెత్తను మింగుతాయి. మామూలు మట్టైతే మింగి ఊరుకుంటాయి. క్వార్ట్జ్ పొడి, అంటే స్ఫటిక రూపంలో ఉండే సిలికా, దాన్ని మింగితే కణమే చచ్చిపోతది. చస్తూ లోపలిదంతా కక్కుతది. ఆ సిలికాను ఇంకో కణం మింగుతది. ఆగదు ఇక. చుట్టూ మచ్చ కడుతూ పోతది. ఇదే సిలికోసిస్. పని మానేసి పదేళ్ళైనా లోపల నడుస్తూనే ఉండొచ్చు.

హోస్ట్: మందు?

డాక్టర్: ఆ మచ్చను కరిగించే మందు లేదు. అందుకే నేను ముందు నుంచి గోల పెట్టేది.

హోస్ట్: ఒక అనుమానం. మన బ్లాక్ గెలాక్సీ అసలు గ్రానైట్ కాదని, గాబ్రో జాతి రాయి అని, అందులో క్వార్ట్జ్ బాగా తక్కువని నేను చదివా. ఆ బంగారు చుక్కలు కూడా బ్రాంజైట్ అనే వేరే ఖనిజం అంట. నిజమైన గ్రానైట్‌లో అయితే అయిదో వంతుకు తగ్గకుండా క్వార్ట్జ్ ఉంటుందంట. మరి మనవాళ్ళకు ముప్పు తక్కువేగా?

డాక్టర్: రాయి విషయంలో నువ్వు చెప్పింది కరెక్టే. కానీ మీ మావయ్య జీవితమంతా ఒకే రాయి కోశాడా? ఎర్ర గ్రానైట్, తెల్ల గ్రానైట్ ఏ కటింగ్ మిషన్ మీదికి రాలేదా? పైగా క్వార్ట్జ్ లేని దుమ్మైనా ఏళ్ళ తరబడి పీలిస్తే గొట్టాలు వాచి దగ్గు, కఫం రావొచ్చు. ఇప్పుడు కొత్తగా వంటగది గట్లకు కృత్రిమ క్వార్ట్జ్ పలకలొచ్చాయి. వాటిలో 90 శాతం దాకా సిలికానే. కుర్రాళ్ళకు కూడా సిలికోసిస్ వస్తోందని ఆస్ట్రేలియా 2024 జూలై నుంచి వాటిని నిషేధించింది. మనింటి ముందు వాటినే పొడిగా, చేతి మిషన్‌తో, మూతికి తువ్వాలు కట్టుకుని కోస్తుంటారు.

హోస్ట్: తువ్వాలు పనికిరాదా?

డాక్టర్: చెమట తుడుచుకోడానికి పనికొస్తది. ఎన్95 లాంటిది, ముక్కు దగ్గర సందు లేకుండా బిగిస్తే, కొంత ఆపుద్ది. అన్నిటికన్నా నీళ్ళు. బ్లేడు మీద నీళ్ళు పడుతుంటే దుమ్ము బురదై కింద పోతది. పెద్ద ఫ్యాక్టరీల్లో కోత అట్టానే ఉంటది. నాకు అనుమానం డ్రిల్లింగ్ మీద, అంచులు అరగదీసే పని మీద, సాయంత్రం ఎండిపోయిన బురదను చీపురుతో ఊడ్చేవాళ్ళ మీద. ఎక్కువగా ఆడవాళ్ళే ఊడుస్తారు. వాళ్ళను ఎవరూ రాయి పనివాళ్ళ లెక్కలో వెయ్యరు. ఎక్స్‌రే తీయించమని కూడా ఎవరూ చెప్పరు.

హోస్ట్: మావయ్యకు ఒకసారి టీబీ అని మందులు వాడించారు అక్కా.

డాక్టర్: కఫం పరీక్ష చేశారా?

హోస్ట్: తెలీదు. ఎక్స్‌రే చూసి ఇచ్చారనుకుంటా.

డాక్టర్: సిలికోసిస్ మచ్చలు కూడా పైభాగాల్లోనే మొదలవుతాయి, టీబీలా కనపడతాయి. అట్టా అని టీబీ కాదులే అని వదిలెయ్యడానికీ లేదు. సిలికా పట్టిన ఊపిరితిత్తిలో టీబీ తేలిగ్గా కూర్చుంటది. రెండూ కలిసి ఉండొచ్చు. అందుకే కఫం పరీక్ష చెయ్యాలి, ‘ఏం పని చేశావు’ అని అడగాలి. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల్లో పెట్టారు. చీటీ మీద డాక్టరు ఆ పేరు రాస్తేనే గదా అది లెక్కలోకి వచ్చేది, పరిహారం అడగడానికి దారి దొరికేది. మా డాక్టర్లం ఆ ప్రశ్న అడగడం మర్చిపోతాం. అది మా తప్పే.

హోస్ట్: ఇప్పుడు పొగాకు. కందుకూరు, టంగుటూరు వైపు వాళ్ళు మనల్ని వింటున్నారు, జాగ్రత్త.

డాక్టర్: ఆకు పండించినోళ్ళను నేనేమీ అనను, మా నాన్న కూడా బ్యారన్, అంటే పొగాకు ఆరబెట్టే కొట్టం, కాల్చినోడే. కాల్చుకుని తాగేది వేరే విషయం. గొట్టాల లోపల సన్నటి నూగు ఉంటది. అది ఆగకుండా కదులుతూ, కఫాన్ని చెత్తతో సహా గొంతు దాకా ఎత్తిపోస్తది. పొగ ఆ నూగును మొద్దుబార్చేస్తది. చుట్టైనా, బీడీ అయినా అంతే. మానేసినాక నూగు మళ్ళీ లేస్తది, పేరుకున్నదంతా బయటికి తోస్తది. అందుకని కొన్ని వారాలు దగ్గు ఎక్కువవుతుంది. ‘మానేస్తే దగ్గు పెరిగింది డాక్టరమ్మా, బీడీయే నయం’ అని మళ్ళీ అంటిస్తారు.

హోస్ట్: [నవ్వు] మా తాత అచ్చంగా అదే అన్నాడు.

డాక్టర్: పొగ తాగేవాళ్ళకు గొట్టాలు ఇరుకయ్యే జబ్బు వస్తది, పొగ తాగని ఆడవాళ్ళలో కూడా అదే చూస్తాం. కట్టెల పొయ్యి. దీపం పథకం 1999లో వచ్చింది, ఇప్పుడు గ్యాసు లేని ఇల్లు తక్కువే. అయినా నీళ్ళు కాగబెట్టేది పొయ్యి మీదే, పెరట్లో, జామాయిల్ పుల్లలతో. ముప్పై ఏళ్ళ పొగ ఎటూ పోదు గదా.

హోస్ట్: ఇన్‌హేలర్ గురించి చాలామంది అడిగారు. అది మొదలుపెడితే అలవాటైపోద్దని, చివరి మందని.

డాక్టర్: లెక్క చెబుతా, నువ్వే తేల్చు. గొట్టాలు విప్పే మందు సాల్బుటమాల్, దాని బిళ్ళ 4 మిల్లీగ్రాములు. అదే మందు ఇన్‌హేలర్‌లో ఒక్క నొక్కుకు 100 మైక్రోగ్రాములు. ఒక్క బిళ్ళలో మందు 40 నొక్కులతో సమానం. బిళ్ళ ఒళ్ళంతా తిరిగి, గుండె దడ, చేతులు వణుకు తెచ్చి, చివరికి కొంచెం ఊపిరితిత్తికి చేరుతుంది. ఇది నేరుగా పోతది. ఏది బలమైన మందు?

హోస్ట్: మావయ్యకు ఉంది అక్కా, కానీ పనిచెయ్యట్లేదంటాడు.

డాక్టర్: ఎట్టా వాడతాడో చేసి చూపించు, ఇదిగో, ఖాళీది.

హోస్ట్: ఇట్టా... నోరు తెరిచి... [నొక్కిన చప్పుడు]

డాక్టర్: చూశావా, నాలుక తడిసింది. అంతే మీ మావయ్యకు అందింది. ముందు బాగా ఊపు. గాలి మొత్తం బయటికి వదులు. పెదాలు మూసి, మెల్లగా పీల్చడం మొదలెట్టి అప్పుడు నొక్కు. ఇంకా పీలుస్తూ పో. ఆపు. పది లెక్కపెట్టు. ఇప్పుడు వదులు. స్పేసర్ డబ్బా తగిలిస్తే ఇంకా తేలిక, పెద్దవాళ్ళకు నేను అదే ఇస్తా. స్టెరాయిడ్ ఉన్నదైతే తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నోట్లో తెల్లగా పూస్తది.

హోస్ట్: సరే, మావయ్యను తీసుకొస్తా. ఏం పరీక్ష చేస్తావు?

డాక్టర్: ఊదే పరీక్ష. స్పైరోమెట్రీ. నిండా పీల్చి ఒక్కసారిగా, దమ్ము అయిపోయేదాకా ఊదాలి. మొదటి సెకనులో ఎంత వచ్చింది, మొత్తం ఎంత వచ్చింది, రెండూ చూస్తాం. గొట్టాలు బాగుంటే నాలుగింట మూడొంతులు మొదటి సెకనులోనే వచ్చేస్తది. గొట్టాలు ఇరుకైతే ఆ వాటా తగ్గుద్ది. మచ్చ కట్టి ఊపిరితిత్తి గట్టిపడితే మొత్తమే తగ్గుద్ది. ఆయాసం రాకముందే ఇది పట్టిస్తది. రాయి పని, పలకల పని చేసే కుర్రాళ్ళు ఏటా ఒకసారి ఊది ఆ కాగితం దాచుకోవాలని నా పోరు. పోయినేడు ఎంత, ఈ ఏడు ఎంత అని చూడ్డానికి.

హోస్ట్: ఎప్పుడు రమ్మంటావు?

డాక్టర్: బుధవారం పొద్దున్నే. ఆ రోజు ఇన్‌హేలర్ వేసుకోకుండా తీసుకురా. మరీ ఇబ్బందైతే వేసుకోమను, నాకు చెబితే చాలు. ముందు ఒకసారి ఊదిస్తా, మందిచ్చి పావుగంటాగి మళ్ళీ ఊదిస్తా. కడుపు నిండా టిఫిన్ తిననియ్యకు, ఊదలేడు. పాత ఎక్స్‌రేలు బీరువా మీద కవర్లో ఉంటాయి, అవన్నీ తీసుకురా. ఒక్కటి కూడా వదలొద్దు. ఆ, మెట్లు ఎక్కనియ్యి. లిఫ్ట్ ఎక్కించకు, నేను పైనుంచి చూస్తుంటా.