మూడు రోజుల పెళ్ళి, పగిలిన టమాటా
(గుంటూరులో మిద్దెతోటల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి. ఏమీ అనుకోవద్దు.

అరకిలో తూగే టమాటా ఎలా పండించాలో చెప్పమన్నారు. సరే. వినాయక చవితి దాటాక నారు పోయండి. నాలుగు వారాలకు కుండీలో నాటండి. ఇరవై లీటర్ల బకెట్ కంటే చిన్నది వద్దు. ఈ రకాలు పొడుగ్గా పెరుగుతాయి, నాటిన రోజే కర్ర పాతండి. శివరాత్రిలోపు కాయలు చేతికి రావాలి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రిళ్ళూ చల్లబడకపోతే పూత నిలవదు. ఏప్రిల్లో పూత రాలుతోందని ఎరువు మీద ఎరువు వేసినవాళ్ళు ఎంతమంది? చేతులెత్తండి. నేనూ ఎత్తుతున్నా.

అసలు సంగతికొస్తా. నిరుడు జనవరిలో ఒక కాయ నా రెండు పిడికిళ్ళంత అయింది. రోజూ కాఫీ గ్లాసుతో వెళ్ళి దాన్ని చూసొచ్చేవాణ్ణి. ఇంతలో తెనాలిలో మేనకోడలి పెళ్ళి. నీళ్ళు పొయ్యమని మావాడికి చెప్పి వెళ్ళా. వాడికి మూడో రోజు సాయంత్రం గుర్తొచ్చింది. మూడు రోజుల నీళ్ళూ ఒకేసారి కుమ్మరించాడు! తిరిగొచ్చేసరికి తొడిమ చుట్టూ పగులు. వారం తిరక్కుండా నిమ్మకాయంత పిందెలకు అడుగున నల్లమచ్చలు, ముట్టుకుంటే తోలులా.

ఒక మందుల షాపులో తెగులన్నారు, 400 రూపాయల సీసా అంటగట్టారు. పిచికారీ చేశా. ఏం లాభం? అది తెగులే కాదండీ! కాయకు కాల్షియం నీళ్ళతోనే అందాలి. ఓ రోజు ఎండబెట్టి ఓ రోజు ముంచితే కాయ కొసకు చేరదు. మట్టిలో వేలు పెట్టి చూసి, రోజూ పొయ్యండి. మొక్క మొదట్లో ఎండుటాకులు పరవండి. మళ్ళీ చెబుతున్నా, రోజూ.

పగిలిన కాయ ఏమైందంటారా? మా ఆవిడ రోటిపచ్చడి చేసింది. "కండ బోలెడుంది గానీ, పులుపేదండీ?" అంది. నిజమే. మా నాయనమ్మ రామములగ అని పిలిచే నాటుకాయకు చింతపండు అక్కర్లేదు. దీనికి నిమ్మకాయంత పడింది. ఉప్పు, మిరియాల పొడి చల్లుకుని చక్రాలుగా తింటేనే దీని రుచి తెలుస్తుంది. చారుకు మాత్రం వద్దు.

టైమైందని చీటీ పంపారు. మావాడు వెనక వరసలోనే ఉన్నాడు. ఒరేయ్, పొద్దున నీళ్ళు పోశావా?