పై అధికారులకు లోబడమన్న పౌలు, ఫిలిప్పీ జైల్లో ఏం చేశాడు?

అందరికీ వందనాలు. తిరుపతి నుంచి మాట్లాడుతున్నాను.

ఎన్నికలొచ్చినా, కొత్త జీవో వచ్చినా మన సంఘాల్లో మొదట వినిపించే వాక్యం ఒకటుంది.

(తెరపై: "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను" – రోమా 13:1)

ఇది చదివి కొందరు పెద్దలు "ఇంకేం మాట్లాడకండి, ప్రార్థన చేసుకోండి" అంటారు. యూత్‌లో కొందరు "అయితే అన్యాయం జరిగినా నోరు మూసుకోవాలా అయ్యగారూ?" అని అడుగుతారు. అలా అడిగినంత మాత్రాన వాళ్లకి విశ్వాసం లేదనుకోకూడదు. ఈ మాట రాసిన అపొస్తలుడు, అంటే క్రీస్తు సువార్త చాటిన తొలితరం బోధకుడు, పౌలు జీవితంలోనే వాళ్లకి జవాబు దొరుకుతుంది.

పౌలు ఈ పత్రిక, అంటే రోమాలోని విశ్వాసులకు లేఖ, రాసింది సుమారు క్రీ.శ. 57లో. అప్పటి చక్రవర్తి నీరో. ఆ రోజుల్లోనే పౌలు, పన్ను కట్టాల్సినవాళ్లకి పన్ను కట్టమన్నాడు, గౌరవించాల్సినవాళ్లని గౌరవించమన్నాడు. ఇందులో సందులు వెతుక్కోకూడదు. ఇంటి పన్ను ఎగ్గొట్టి ఆదివారం కానుక వేస్తే సరిపోదు.

అయితే నాలుగో వచనం దాకా చదవాలి. అక్కడ అధికారిని దేవుని పరిచారకుడు అంటాడు, అదీ జనం మేలు కోసం. చక్రవర్తులకు గుళ్లు కట్టి పూజించే సామ్రాజ్యంలో, వాళ్లు కూడా ఇంకొకరి కింద పనిచేసేవాళ్లే అని రాశాడంటే ఎంత ధైర్యమో ఆలోచించండి.

(తెరపై: ఫిలిప్పీ పటం, అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం)

ఈ పత్రికకు కొన్నేళ్ల ముందు ఫిలిప్పీలో జరిగింది చూద్దాం. విచారణ లేకుండానే పౌలును, ఆయన తోటి సేవకుడు సీలను అక్కడి అధికారులు బెత్తాలతో కొట్టించి, జైల్లో కాళ్లకు బొండ (కదలకుండా బిగించే కొయ్య) వేయించారు. అర్ధరాత్రి భూకంపం వచ్చి తలుపులన్నీ తెరుచుకున్నాయి. వాళ్లు పారిపోలేదు. ఖైదీలు వెళ్లిపోయారనుకుని జైలు అధికారి కత్తి దూసి ప్రాణం తీసుకోబోతుంటే, మేమందరం ఇక్కడే ఉన్నామని పౌలు కేక వేశాడు.

ఇంతవరకు ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. తెల్లారాక జరిగింది మాత్రం తక్కువగా చెబుతారు. నాకైతే అదే అసలైన ఘట్టం. వాళ్లని వదిలేయండని న్యాయాధిపతులు కబురు పంపారు. పౌలు కదల్లేదు. రోమా పౌరులమైన మమ్మల్ని విచారణ లేకుండా నలుగురిలో కొట్టించి, ఇప్పుడు గుట్టుగా పంపేస్తారా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. వీళ్లు రోమా పౌరులని తెలిసి ఆ న్యాయాధిపతులు భయపడి వచ్చారు, బతిమాలుకున్నారు.

తలుపులు తెరిచి ఉన్నా పారిపోని మనిషే, తప్పు చేసిన అధికారుల్ని జైలు దాకా రప్పించాడు. రోమా 13 చదివేటప్పుడు నేను ఈ రెండూ కలిపి చదువుతాను.

మరి అధికారి ఆజ్ఞే దేవుని మాటకు ఎదురైతే? యేసు పేరు ఎత్తి బోధించొద్దని యెరూషలేములో యూదుల మహాసభ (వాళ్ల పెద్దల న్యాయసభ) అన్నప్పుడు, "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా" అని పేతురు, తోటి అపొస్తలులు తేల్చి చెప్పారు. దెబ్బలు తిన్నారు గానీ ఎవరి మీదా చెయ్యెత్తలేదు. బోధించడమూ మానలేదు.

(తెరపై: మార్టిన్ లూథర్ చిత్రం)

మన తిరుపతి ప్రాంతంలోని లూథరన్ సంఘాలకు మూలం జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్. ఈ సంఘాలకు పేరిచ్చిన జర్మనీ సంస్కర్త మార్టిన్ లూథర్‌కే ఈ చిక్కు ఎదురైంది. కొన్ని రాజ్యాల్లో ప్రభువులు కొత్త నిబంధన ప్రతులను అప్పగించమన్నారు. మీ చేతులతో ఒక్క పేజీ కూడా ఇవ్వకండి, ఇంట్లోకొచ్చి లాక్కుంటే మాత్రం బలంతో అడ్డుకోకండి అని 1523లో ఆయన సలహా ఇచ్చాడు. రెండేళ్లకే, రైతుల తిరుగుబాటు సమయంలో, ఇదే మనిషి వాళ్లని కనికరం లేకుండా అణచమని ప్రభువులకు రాశాడు. అది చదివితే ఇప్పటికీ బాధేస్తుంది. తర్వాత హిట్లర్ కాలంలో జర్మనీలో ఎందరో పాస్టర్లు రోమా 13 చూపించి తల వంచారు. 1934లో అక్కడి బార్మెన్‌ అనే చోట సమావేశమైన కొందరు మాత్రం, సంఘం వినాల్సింది క్రీస్తు మాటే అని ప్రకటించారు.

ఇక మన ఊరి సంగతి. 2007లో రాష్ట్రం చేసిన చట్టం ప్రకారం తిరుమలలో అన్యమత ప్రచారం నిషేధం. కొండ మీద కరపత్రాలు పంచి పట్టుబడితే, దాన్ని క్రీస్తు కోసం పడిన శ్రమ అని చెప్పుకునేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ చట్టం నన్ను క్రీస్తును కాదనమని అడగడం లేదు, నా మందిరానికి తాళం వేయడం లేదు. నా పొరుగువాళ్లు పవిత్రంగా చూసుకునే చోట వాళ్లని ప్రశాంతంగా ఉండనివ్వమంటోంది. క్రిస్మస్ ఆరాధనలో మన మధ్యకొచ్చి ఎవరైనా ఇంకో మతం కరపత్రాలు పంచితే మనకెలా ఉంటుంది? ఇక్కడ లోబడటం, పొరుగువాణ్ణి ప్రేమించడం ఒకటే పని.

దీని పక్కన కేరళ కేసు పెట్టి చూడండి. 1985లో యెహోవాసాక్షులు అనే మతశాఖకు చెందిన కుటుంబంలోని ముగ్గురు పిల్లలు జాతీయగీతానికి లేచి గౌరవంగా నిలబడ్డారు, మనస్సాక్షి ఒప్పుకోక పాడలేదు. స్కూల్లోంచి తీసేశారు. హైకోర్టులో ఓడిపోయినా, 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు వాళ్లని తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి మన తెలుగువారే. ఆ పిల్లల సిద్ధాంతాలతో నాకు చాలా తేడాలున్నాయి. కానీ వాళ్లు జెండాని అవమానించలేదు, ఎవరితోనూ గొడవపడలేదు. మనస్సాక్షి ఒప్పుకోని ఆ ఒక్క పనీ చేయలేదు, న్యాయం కోసం కోర్టుకే వెళ్లారు.

(తెరపై: భారత రాజ్యాంగం, 25వ అధికరణ)

మన దేశంలో ఎమ్మార్వో, ఎస్సై, కలెక్టర్ అందరి పైనా రాజ్యాంగం ఉంది. శాంతిభద్రతలు, నైతికత, ప్రజారోగ్యం దెబ్బతినకుండా మన విశ్వాసాన్ని ఆచరించే, ప్రచారం చేసే హక్కు అందులోనే ఉంది. దాన్ని అడగడం తిరుగుబాటు కాదు. పౌలు కూడా కైసరుకే, అంటే రోమా చక్రవర్తికే, అప్పీలు చేసుకున్నాడు.

మందిరం అనుమతి ఫైలు ఆఫీసులో కదలడం లేదని టెన్షన్ పడుతున్నారా? రోడ్డెక్కకముందు సోమవారం తిరుపతి కలెక్టరేట్‌లోనో, చిత్తూరు కలెక్టరేట్‌లోనో గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వండి. ఎవరినీ తిట్టకుండా సర్వే నంబరు, తేదీలు, ఇంతకుముందు ఎవరికి ఏం ఇచ్చారో రాయండి. రసీదు అడిగి తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, మామూలుగా 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అప్పటికీ తేలకపోతే హైకోర్టు ఉంది. ప్రతి కాగితానికీ ఒక జిరాక్స్ సంఘం ఫైల్లో ఉంచండి.