మెట్లెన్నో ముందే చెప్పండి

(డిసెంబరు 3న, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం నాడు తెనాలిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికి, ముఖ్య అతిథిగారికి, కల్యాణ మండపాల యజమానులకు, ప్రెస్సుల వాళ్ళకు, పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన టీచర్లకు, ఇంకా నేను ఎవరిని మర్చిపోయానో వాళ్ళకు. వేదిక ఎక్కడానికి మూడు మెట్లున్నాయని పెద్దలంతా కిందికి దిగొచ్చి నా పక్కన కుర్చీలు వేయించుకున్నారు. సంతోషం. శాలువా మాత్రం కప్పకండి. పోయినేడు ఒకచోట ఇలాగే కప్పితే అంచు నా వీల్‌చైర్ చక్రంలో చిక్కుకుని, సన్మానం మధ్యలో ఇద్దరు వంగి లాగాల్సి వచ్చింది. చేతికిస్తే ఒళ్ళో పెట్టుకుంటాను. నీళ్ళ సీసా కూడా పెట్టారు, చూశాను. మూత తీయలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

హక్కుల గురించి మాట్లాడమన్నారు. అది పెద్ద మాట. నేను చిన్న కోరికతో వచ్చాను. మీ హాలుకి, మీ షాపుకి, మీ ఆస్పత్రికి మెట్లెన్నో ముందే చెప్పండి. ర్యాంపు కట్టమని తర్వాత అడుగుతాను, వదిలిపెట్టను. ఈలోపు ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి సిమెంటు అక్కర్లేదు కదా.

మూడేళ్ళ కిందట మా మేనకోడలి పెళ్ళి. వేరే ఊళ్ళో ఫంక్షన్ హాలు, పేరెందుకులెండి. వారం ముందే ఫోన్ చేశాను. "బాబూ, నేను వీల్‌చైర్‌లో వస్తాను, ఇబ్బంది లేదు కదా?" "లిఫ్ట్ ఉందమ్మా, మీరు హాయిగా రండి" అన్నాడు. అబద్ధం చెప్పలేదు, లిఫ్ట్ ఉంది. ఏడు మెట్లెక్కాక ఉంది! ఆ ఏడు మెట్లు అతని లెక్కలో లేవు. రోజూ ఎక్కిదిగే కాళ్ళకి అవి కనపడవు.

సరే, వెళ్ళాం. మేళం మోగుతోంది. క్యాటరింగ్ కుర్రాళ్ళు నలుగురు గరిటెలు పక్కన పెట్టి వచ్చి కుర్చీ నాలుగు మూలలా పట్టుకున్నారు. ఒకడి చేతికి ఇంకా నెయ్యి ఉంది, జారుతోంది. "గట్టిగా పట్టుకోండ్రా, పెద్దమ్మగారు పడతారు" అని వెనక నుంచి ఒకాయన కేక. నేను చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, బ్రేకు ఒక చేత్తో పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఇంతలో మొహం మీద లైటు. ఏమిటా అని కళ్ళు తెరిస్తే వీడియో అతను! ఆ రోజు ఆ మండపానికి ఇద్దరు మోతల మీద వచ్చారు. బుట్టలో పెళ్ళికూతురు, కుర్చీలో నేను. ఇద్దరం ఆల్బంలో ఉన్నాం. నవ్వండి, నవ్వండి, మా ఇంట్లోనూ ఆ వీడియో పెట్టినప్పుడల్లా నవ్వుతారు. నాకూ నవ్వు రావడానికి ఏడాది పట్టింది.

అసలు కష్టం అది కాదు. లోపలికెళ్ళాక బాత్రూం గుమ్మం కొలిపించాను. 24 అంగుళాలు. నా కుర్చీ 25. ఒక్క అంగుళం. ముహూర్తం రాత్రి. మధ్యాహ్నం మూడింటి నుంచి నేను చుక్క నీళ్ళు ముట్టలేదు. ఆడపడుచుని, లాంఛనాలు నా చేతుల మీదుగా జరగాలి. నోరు పిడచకట్టుకుపోయి కూర్చున్నాను. మా వదిన మజ్జిగ తెచ్చి "ఏం, అలిగావా?" అంది. ఏం చెప్పను?

ఇక్కడున్న ఆడవాళ్ళకి తెలుస్తుంది, బస్సు ప్రయాణమంటే ముందు రోజు నుంచే నీళ్ళు తగ్గించేస్తాం. మాకు ప్రతి పెళ్ళీ, ప్రతి మీటింగూ అదే. ఆ 24 అంగుళాల మాట వారం ముందే తెలిస్తే దగ్గర్లో సరైన గది ఉన్న లాడ్జి చూసుకునేదాన్ని. లేదా ముహూర్తానికి వచ్చి వెళ్ళిపోయేదాన్ని. నిర్ణయం నా చేతిలో ఉండేది.

అందుకే "సౌకర్యం ఉందండీ" అనే మాట నాకు పడదు. ఎవరికి సౌకర్యం? నాకో స్నేహితురాలు ఉంది, చూపు లేదు. ఆమె అంటుంది, "మెట్లంటే నీకు భయం. చేతికి రెయిలింగు తగిలితే నాకు మెట్లు హాయి. ఎక్కడ మూత లేని డ్రైనేజీ ఉందో అది చెప్పమను." వినపడని వాళ్ళని అడిగితే, టోకెన్ నంబరు నోటితో పిలుస్తారా, బోర్డు మీద పడుతుందా అన్నదే వాళ్ళ ప్రశ్న. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. అందరికీ కలిపి ఒక్క 'ఉంది' ఎలా సరిపోతుంది? కొలత చెప్పండి, ఎవరికి పనికొస్తుందో వాళ్ళు చూసుకుంటారు.

ఇది నా బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. జర్మనీలో 2010లో వీల్‌మ్యాప్ అని మొదలుపెట్టారు. ఎవరైనా సరే, తాము వెళ్ళిన చోటు గురించి మ్యాపులో రంగు గుర్తు పెట్టొచ్చు. కుర్చీ వెళ్తే ఆకుపచ్చ, కొంతవరకైతే నారింజ, వెళ్ళకపోతే ఎరుపు. ఎరుపు పెట్టారని వాళ్ళేమీ తిట్టినట్టు కాదండీ. ఎరుపు కూడా నాకు ఉపకారమే, ఆటో డబ్బులు మిగులుతాయి. మన ఫోన్లలో గూగుల్ మ్యాప్స్‌లోనూ వీల్‌చైర్‌కి వీలుందో లేదో నింపే చోటు ఉంది. మన ఊళ్ళో ఎంతమంది నింపారో ఇంటికెళ్ళి చూడండి.

ర్యాంపుల మాట కూడా చెప్పాలి. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలి. అది లెక్క. మన దగ్గర రెండు మెట్ల పక్కన మూడడుగుల పలక వేసి ర్యాంపు అంటారు. అది జారుడుబల్ల, పిల్లలు ఆడుకుంటారు. గుమ్మం వెడల్పు 900 మిల్లీమీటర్లు ఉండాలి, మూడడుగులకు కాస్త తక్కువ. పాత పబ్లిక్ భవనాలు మార్చడానికి ఆ 2016 చట్టం కింద అయిదేళ్ళు గడువిచ్చారు. 2022లోనే అది దాటిపోయింది. చూపు లేని రాజీవ్ రతూరి గారు 2005లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు చెప్పింది, ఇవి వీలుంటే పాటించే సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి నిబంధనలు పెట్టండి అని. ఆ కేసు కోసం దేశమంతా పరిస్థితి ఎలా ఉందో నివేదిక రాసింది మన హైదరాబాదు నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రం. ఇంకో మాట. 2001 జనవరిలో, నాలాగే వీల్‌చైర్‌లో తిరిగే పెద్ద శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చారు. ఆయన చూస్తానన్నారని కుతుబ్ మినార్ దగ్గర, జంతర్ మంతర్ దగ్గర చెక్క ర్యాంపులు వేశారు. వేయడం చేతకాక కాదన్నమాట! ఎవరు వస్తున్నారన్నదాన్ని బట్టి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. అయిపోవచ్చిందండీ. ప్రెస్సు వాళ్ళు ఎక్కడ కూర్చున్నారు? ఆ, మీరే. మాఘమాసం పెళ్ళిళ్ళ శుభలేఖలు ఇప్పుడు మీ దగ్గరికే వస్తాయి. విందు ఎన్నింటికో వేస్తాం, 'బంధుమిత్ర సపరివారంగా' అని వేస్తాం. ఆ సపరివారంలో మోకాళ్ళ నొప్పుల నాన్నమ్మ ఉంది, కాలు విరిగి కట్టుతో ఉన్న బాబాయి ఉన్నాడు, నేనున్నాను. అడుగున ఒక్క లైను వేయండి అన్నగారూ. 'మెట్లు: ముందు 7. వెనక మెట్లు లేని దారి ఉంది. బాత్రూం గుమ్మం 24 అంగుళాలు.' వరుడి చదువు పక్కన ఈ లైను బాగోదంటారా? ఒకసారి వేసి చూడండి, ఎంతమంది ముసలివాళ్ళు మీకు దణ్ణం పెడతారో.

హాలు యజమానులకు కూడా ఒక మాట. మీ బోర్డు మీద "సెంట్రల్ ఏసీ, 600 మంది భోజనాలు" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. దాని కింద మెట్ల సంఖ్య రాస్తే బేరం పోతుందని భయం కాబోలు. రాయకపోతే నాలుగు మోతలు మీ క్యాటరింగ్ వాళ్ళే మోయాలి. ఒక ఫోటో చాలు, గుమ్మానికి ఎదురుగా నిలబడి తీసి వాట్సాప్‌లో పెట్టండి. ఫోటోలో గడప కనపడాలి. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప మనకు లక్ష్మి, కాదనను. నా ముందు చక్రాలు చిన్నవి, రెండంగుళాల లక్ష్మి దగ్గరే ఆగిపోతాయి.

ఇదిగో, ఈ సంచిలో టేపు ఉంది. మా వీధి టైలర్ దగ్గర అడిగి తెచ్చుకున్నాను, తిరిగివ్వాలి. ఈ హాలు గుమ్మం మా మేనల్లుడు పొద్దున కొలిచాడు, 34 అంగుళాలు. సుఖంగా లోపలికొచ్చాను. బాత్రూం మాత్రం తాళం వేసి ఉంది, తాళం చెవి వాచ్‌మన్ దగ్గరుందట. ఏదీ, ఆ వెనక బెంచీలో పిల్లలు ఇద్దరు లేవండి. టేపు తీసుకుని, వాచ్‌మన్‌ని పిలిచి, గుమ్మం కొలిచి రండి. తలుపు పూర్తిగా తెరిచి, ఖాళీ ఎంతుందో అది కొలవాలి, ఫ్రేము కాదు. లోపల కుర్చీ తిరుగుతుందో లేదో కూడా చూడండి.

వాళ్ళొచ్చేదాకా ఆగుదాం. ఈ సీసా మూత తీయాలో వద్దో అప్పుడు చెబుతాను.