మడతలు పడితే పడనివ్వండి: క్రోషే సూదితో అల్లిన పగడాల కథ

[తెర మీద: రెండు చేతులు, ఎర్ర ఊలు, మొనకు చిన్న కొక్కెం ఉన్న క్రోషే సూది. ముఖం కనిపించదు.]

క్రోషే కొత్తగా నేర్చుకునేవాళ్లకి తరచూ వినిపించే మాట ఒకటుంది: "అంచు మడతలు పడుతోంది, విప్పెయ్యమ్మా!" టేబుల్ మీద వేసుకోవడానికి గుండ్రటి మ్యాట్ అల్లుదామని కూర్చుంటాం. సగం అయ్యేసరికి అది చదునుగా పడుకోదు. అంచంతా అలలు అలలుగా లేస్తుంది. దీని వెనక ఒక లెక్క ఉంది. ముందు అది చూద్దాం.

[క్లోజప్: సూది కదలిక నెమ్మదిగా. ప్రతి చుట్టుకీ తెర మీద అంకె పడాలి.]

మధ్యలో 6 కుట్లు. రెండో చుట్టుకి 12. మూడో చుట్టుకి 18. నాలుగో చుట్టుకి 24. మామూలు సింగిల్ క్రోషేలో ఇలా చుట్టుకి ఆరేసి పెంచుకుంటూ పోతే మ్యాట్ చదునుగా వస్తుంది. ఎక్కడో ఒకచోట పెంచడం ఆపేశారనుకోండి, అంచు కిందికి వంగి టోపీ అయిపోతుంది. అలా కాక ఆరుకి మించి పెంచుకుంటూ పోతే? అంచు పొడవు పెరిగిపోతుంది, పరుచుకోవడానికి చోటేమో అంతే ఉంటుంది. ఇక చేసేదేముంది, పైకీ కిందికీ వంకర్లు పోతుంది. పెరట్లో కోడిజుట్టు పువ్వు చూశారు కదా, అచ్చం అలాగే.

[తెర మీద: కోడిజుట్టు పువ్వు, పక్కనే మడతలు పడిన అల్లిక.]

ఇలా మడతలు పడిన ఉపరితలానికి గణితంలో హైపర్‌బాలిక్ తలం అని పేరు. స్కూల్లో చదివాం: ఒక సరళరేఖ, దానికి కాస్త ఎడంగా ఒక చుక్క. ఆ చుక్క గుండా, మొదటి గీతకి ఎక్కడా తగలకుండా ఎన్ని గీతలు గీయొచ్చు? ఒక్కటే. రెండు వేల ఏళ్లు అందరూ అలాగే అనుకున్నారు. రష్యాలో లోబచెవ్‌స్కీ 1829లో, హంగరీలో బొల్యాయ్ 1832లో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే, "ఒక్కటే ఎందుకు, చాలా గీయొచ్చు" అనే కొత్త జామెట్రీని ప్రకటించారు. అలాంటి తలం మీద త్రిభుజం గీస్తే మూడు కోణాలూ కలిపినా 180 డిగ్రీలు రావు, తక్కువే వస్తాయి.

కాగితం మీద సమీకరణాలు బానే కుదిరాయి. చేత్తో పట్టుకుని చూపించడానికి మాత్రం సరైన వస్తువు లేదు. కాగితం పట్టీలు అతికించి నమూనాలు చేసేవాళ్లు, అవి నాలుగు చేతులు మారేసరికి చిరిగిపోయేవి.

1997లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పాఠం చెబుతున్న లాత్వియా గణిత శాస్త్రవేత్త డైనా తైమినా అలాంటి కాగితం నమూనా ఒకటి చూశారు. ఆమెకి చిన్నప్పటినుంచీ అల్లిక పని వచ్చు. దీన్ని ఊలుతో చేస్తే పోలా అనుకున్నారు. రెండు సూదులతో, అంటే స్వెటర్ అల్లినట్టు, అల్లితే కుదరదు. ఎందుకంటే అందులో ఒక వరసలోని కుట్లన్నీ సూది మీదే ఉండాలి, ఇక్కడ కుట్లు వందల్లోకి పోతాయి. క్రోషేలో ఆ తంటా లేదు. ఎప్పుడు చూసినా సూది మీద ఉండేది ఒకటి రెండు ముళ్లే.

[క్లోజప్: సూది మీద ఒకే ఒక ముడి. ఒక క్షణం అలా ఆగాలి.]

ఆమె పద్ధతి పిల్లలకి కూడా చెప్పొచ్చు. ప్రతి ఇన్ని కుట్లకి ఒకటి చొప్పున అదనంగా వేయాలి, చివరిదాకా ఆ లెక్క తప్పకూడదు. 20 కుట్లతో మొదలుపెట్టి, ఐదింటికి ఒకటి పెంచుతూ పోతే పదో వరసకి దాదాపు 124, ఇరవయ్యో వరసకి 767 అవుతాయి. వేరే రంగు దారంతో దాని మీద గీతలు కుట్టి, అటూ ఇటూ మడిచి చూపిస్తే, ఆ పాత చుక్కా గీతా సమస్య ఎదురుగా కనిపిస్తుంది. నా మట్టుకు ఈ కథలో బాగా నచ్చిన ముక్క ఇదే. వంద పేజీల పుస్తకం చెప్పలేనిది అరగజం అల్లిక చెప్పేస్తుంది.

[దృశ్యం మార్పు: సముద్రం అడుగు. పగడపు దిబ్బ. తర్వాత అదే దిబ్బ పాలిపోయి.]

ఇప్పుడు ఆస్ట్రేలియాకి. అక్కడి క్వీన్స్‌లాండ్ రాష్ట్ర తీరంలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ అనే పెద్ద పగడపు దిబ్బల వరస ఉంది. పగడాల ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. పగడానికి తిండీ, రంగూ రెండూ ఇచ్చేది చాలావరకు అదే. నీళ్లు మరీ వేడెక్కితే పగడం ఆ నాచుని బయటికి గెంటేసి తెల్లగా పాలిపోతుంది. వేడి అలాగే కొనసాగితే చచ్చిపోతుంది. 1998 నుంచి ఆ రీఫ్‌లో ఇలా పెద్ద ఎత్తున చాలాసార్లు జరిగింది. 2016, 2017ల్లోనైతే వరసగా రెండేళ్లు.

ఆ రాష్ట్రంలోనే పెరిగిన కవల అక్కచెల్లెళ్లు మార్గరెట్ వర్తైమ్, క్రిస్టీన్ వర్తైమ్. లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడ్డారు. తైమినా పద్ధతి పట్టుకుని అల్లుతూ అల్లుతూ, కావాలనే లెక్క తప్పించారు. ఒక చోట ఎక్కువ కుట్లు, ఇంకో చోట తక్కువ. వచ్చిన ఆకారాలు చూస్తే పగడాలే! నిజానికి ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు, చాలా పగడాల్లోనూ, సముద్రపు నాచులోనూ ఉన్నది ఈ మడతే. ఎక్కువ ఉపరితలం ఉంటే నీళ్లలోంచి తిండి దొరకబుచ్చుకోవడం తేలిక. 2005లో వాళ్ల డ్రాయింగ్ రూములో ఊలు పగడపు దిబ్బ మొదలైంది. ఊలుతో పాటు ప్లాస్టిక్ సంచుల్ని పట్టీలుగా కత్తిరించి వాటితో కూడా అల్లారు. సముద్రంలోకి చేరేది చివరికి అదే కదా.

[తెర మీద: ప్లాస్టిక్ కవర్‌ని పట్టీగా కత్తిరించడం, దాన్ని సూదికి తగిలించడం.]

ఆ తర్వాత ఒక్కో ఊరివాళ్లూ తమ సొంత దిబ్బలు అల్లుకోవడం మొదలుపెట్టారు. వేలమంది చేతులు కలిపారు, ఎక్కువమంది ఆడవాళ్లే. 2019లో వెనిస్ బియెనాలే అనే, ఇటలీలో జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శనకి ఆ పగడాలు వెళ్లాయి. ఇంత చేస్తే రీఫ్ బతికిందా అంటే, లేదు. ఊలు పగడం ఒక్క డిగ్రీ వేడి కూడా తగ్గించదు, తగ్గిస్తుందని వాళ్లూ అనలేదు. కానీ సముద్రం మొహం చూడని మనిషి కూడా ఒక పగడం అల్లడానికి గంటలకొద్దీ కూర్చుంటే, అది ఎలా బతుకుతుందో, ఎందుకు పాలిపోతుందో అడక్కుండా ఉండలేరు.

అంతకన్నా నాకు ముఖ్యమనిపించింది ఇంకొకటుంది. ప్రదర్శన పెట్టిన చోట అల్లినవాళ్ల పేర్లు రాస్తారు.

[దృశ్యం: గోదావరి జిల్లా. ఒక ఇంటి అరుగు, తెల్ల నూలు, లేసు అల్లుతున్న చేతులు.]

ఇదే క్రోషే మన నర్సాపురంలో తరతరాలుగా నడుస్తోంది. మిషనరీల ద్వారా వచ్చి, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్ల ఇంటి పనిగా స్థిరపడింది. విదేశాలకి వెళ్తుంది. 1982లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఈ లేసు పనివాళ్ల మీద ఒక పుస్తకమే రాశారు. గంటల తరబడి అల్లుతున్నా వాళ్లని పనివాళ్లుగా లెక్కేయకుండా, "ఖాళీ టైములో ఏదో చేసుకునే గృహిణులు" అనేస్తున్నారని అందులో ఆమె వాదన. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుకి అలా రక్షణ దొరికింది. అల్లిన మనిషి పేరు మాత్రం ఇప్పటికీ ఏ టేబుల్ క్లాత్ అంచునా కనపడదు. ఒక చిన్న ట్యాగ్ మీద రెండు పొడి అక్షరాలు వేయడానికి ఎంత ఖర్చవుతుంది చెప్పండి?

[మళ్లీ మొదటి చేతులు. ఎర్ర ఊలు.]

సరే, మీరూ ఒక పగడం అల్లాలనుకుంటే. గొలుసు కుట్లు 15 వేసుకోండి. మొదటి వరస మామూలుగా. రెండో వరస నుంచి ప్రతి మూడు కుట్లకి ఒకటి పెంచండి, అంటే ఆ మూడో కుట్టులో రెండు వేయండి. ఆరేడు వరసలకే అది చుట్టుకోవడం మొదలుపెడుతుంది, లాగి సరిచేయకండి. ఓపిక తక్కువైతే ప్రతి కుట్టులోనూ రెండేసి వేయొచ్చు, మడతలు గబగబా వచ్చేస్తాయి. ఒకటే ఇబ్బంది: అలా రెట్టింపు చేస్తే చివరి వరస ఒక్కదానికే, అంతకుముందు వరసలన్నిటికీ కలిపి పట్టినంత ఊలు పడుతుంది. ఉండలో సగం మిగిలింది కదా అనుకుని మొదలుపెడితే వరస మధ్యలో అయిపోతుంది. అందుకని అల్లే ముందే పక్కన ఇంకో ఉండ పెట్టుకోండి, రంగు వేరేదైనా పర్లేదు.